తొమ్మిదో నంబరు చొక్కా

ఫుట్‌బాల్ మ్యాచ్‌కు గంట ముందు టీమ్ షీట్ ఫోన్లలోకి దిగుతుంది. మధ్యాహ్నం బరంపురంలో రైలెక్కి మూడు గంటలు కూర్చుని వచ్చినవాళ్లు అప్పటికి భువనేశ్వర్ కళింగ స్టేడియం గేటు దగ్గర వరుసలో ఉంటారు. పదకొండు పేర్లు చదవడం పూర్తికాకుండానే "ఏటిరా ఈ టీమ్?" అని ఎవరో ఒకరు అననే అంటారు. అక్కణ్నుంచి తొంభై నిమిషాలూ కోచ్‌కు తలంటే. టికెట్టు కొన్నవాడికి తిట్టే హక్కుంది, కాదనలేం. అయితే ఆ తిట్లలో సగం తగలాల్సిన చోట తగలడం లేదు. జట్టు పాడవడం అనేది మ్యాచ్ రోజు సాయంత్రం జరిగే పని కాదు. అంతకు చాలా ముందు, తొమ్మిదో నంబరు చొక్కా, అంటే ముందు మధ్యలో నిలబడి గోలు కొట్టే సెంటర్ ఫార్వర్డ్ చొక్కా, ఎవరికి తొడగాలన్న దగ్గరే అది మొదలవుతుంది.

భారత జట్టు లెక్కే చూడండి. మనోలో మార్కెజ్ 2024 జులైలో కోచ్‌గా వచ్చి ఏడాదికి వెళ్లిపోయారు. ఆయన హయాంలో ఆడినవి 8 మ్యాచ్‌లు, గెలిచింది 1, కొట్టిన గోల్స్ 5. ఆ ఐదులో మూడు ఒక్క మాల్దీవుల మీదే. పోనీ ఎవరు కొట్టారని చూస్తే రెండు రాహుల్ భేకేవి. అతను డిఫెండర్, కార్నర్, ఫ్రీకిక్ లాంటి సెట్ పీసులకు పైకి వెళ్లి తల పెట్టినవాడు. రెండు గోల్స్ ఫరూఖ్ చౌదరి, లిస్టన్ కొలాసోలవి. ఇద్దరూ పక్కల ఆడేవాళ్లు. మిగిలిన ఒక్కటి సునీల్ ఛెత్రీది. 2024 జూన్‌లో కువైట్ మ్యాచ్‌తో రిటైరయి, బతిమాలితే 2025 మార్చిలో నలభై ఏళ్ల వయసులో తిరిగొచ్చి కొట్టిన గోలు అది.

ఛెత్రీని మళ్లీ పిలిచినప్పుడు మనవాళ్లు చాలామంది మండిపడ్డారు. కుర్రాళ్లకు దారి మూసేశారన్నారు. కానీ ఆ సీజన్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో భారతీయులందరిలో ఎక్కువ గోల్స్ కొట్టింది ఆయనే, 14. లీగు మొత్తానికి మొదటివాడు నార్త్ ఈస్ట్ యునైటెడ్ క్లబ్బుకు ఆడిన మొరాకో ఫార్వర్డ్ అజారై, 23. కోచ్ ముందున్న కాగితం అది. ఆ కాగితం పట్టుకుని ఎవరిని పిలవాలో మండిపడ్డవాళ్లలో ఒక్కరూ చెప్పలేదు.

ఎందుకిలా అయింది? 2014లో ఐఎస్ఎల్ మొదలైనప్పుడు మైదానంలో ఐదుగురు భారతీయులుంటే చాలు. 2017–18లో ఆరుగురు కావాలన్నారు, 2021–22 నుంచి ఏడుగురు. వినడానికి బాగుంది. మిగిలిన నలుగురు విదేశీయులు ఏ స్థానాల్లో ఆడతారన్నది మాత్రం క్లబ్బుల ఇష్టం. డబ్బు పెట్టేవాడు జట్టుకు నడుం మీద, అంటే మైదానం మధ్య వరస మీద పెడతాడు. డిఫెన్స్ నడిమధ్య ఒక స్టాపర్, డిఫెన్స్ ముందు కాపలా కాసే ఒక హాఫ్ (మిడ్‌ఫీల్డర్), ఆట నడిపే ఒకడు, గోలు కొట్టే ఒకడు. మనవాళ్లకు మిగిలేవి గోలీ, డిఫెన్స్‌లో పక్కలు కాచే రెండు ఫుల్‌బ్యాకులు, ముందు పక్కల ఆడే రెండు వింగులు, ఆ నలుగురికి పక్కన సాయం నిలబడే ఇద్దరు. ఇన్నేళ్లు ఇలా వండితే గిన్నెలో ఏం మిగులుతుంది? వింగర్లు. చాంగ్తే, లిస్టన్, మన్వీర్, మహేశ్, కావలసినంత మంది. మధ్యలో నిలబడేవాడే లేడు.

మన ఒడిశా ఎఫ్‌సీ దీనికి అతీతం కాదు. 2022–23 ఐఎస్ఎల్‌లో బ్రెజిల్ స్ట్రైకర్ డియెగో మారిసియో 12 గోల్స్‌తో గోల్డెన్ బూట్ తెచ్చాడు. 2023 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో బెంగళూరు మీద 2–1తో సూపర్ కప్ గెలిస్తే ఆ రెండు గోల్సూ అతనివే. మరుసటి సీజన్‌లో ఫిజీ స్ట్రైకర్ రాయ్ కృష్ణ 13 కొట్టాడు. అలాంటి ఇద్దరు ఉన్నప్పుడు ఏ కోచయినా ఇంకో పేరు ఎందుకు ఆలోచిస్తాడు? ఆ తర్వాతి ఏడాది రాయ్ కృష్ణ మోకాలు పోయింది, సీజన్‌కే దూరమయ్యాడు. జట్టు 33 పాయింట్లతో ఏడో స్థానంలో ఆగింది. ఆరో స్థానంతో ప్లే ఆఫ్‌కు వెళ్లిన ముంబయికి 36. ఒక్క గెలుపు తేడా. ఆ ఒక్క గెలుపు ఏ మ్యాచ్‌లో పోయిందో మనవాళ్లు ఇప్పటికీ టీ కొట్టు దగ్గర వాదించుకుంటారు. రాయ్ కృష్ణ వెనక ఒక కుర్రాణ్ని ఎందుకు సిద్ధం చేసి పెట్టలేదన్న ప్రశ్న ఆ వాదనలో ఎప్పుడూ రాదు.

ఫార్వర్డ్ రహీం అలీ సంగతి ఇంకా విచిత్రం. 2017 అండర్-17 ప్రపంచ కప్ బృందంలో ఉన్నవాడు. తర్వాత ఫెడరేషన్ కుర్రాళ్ల జట్టు ఇండియన్ ఆరోస్‌కు ఆడాడు. 2018–19లో ఆ జట్టుకు సొంత మైదానం కళింగే. తిరిగి తిరిగి 2024లో ఒడిశా ఎఫ్‌సీకి వచ్చాడు. ఇక్కడ అతన్ని ఎక్కువగా చూసింది బెంచి మీద నుంచి లేచి ఏదో ఒక పక్కకు పోతుండగా. 2025 అక్టోబరు 9న సింగపూర్‌లో డిఫెండర్ సందేశ్ జింగన్‌కు రెడ్ కార్డు పడి పదిమందితో ఆడుతున్న భారత్‌కు 90వ నిమిషంలో సమం చేసిపెట్టింది అతనే. ఐదు రోజుల తర్వాత గోవాలోని ఫతోర్దాలో అదే సింగపూర్ మీద చాంగ్తే 14వ నిమిషంలోనే ఆధిక్యం ఇచ్చాడు, సింగపూర్ ఆటగాడు సాంగ్ ఉయ్ యంగ్ రెండు కొట్టి మ్యాచ్ పట్టుకుపోయాడు. జింగన్ సస్పెన్షన్‌లో కూర్చున్నాడు. 2027 ఆసియా కప్ ఆశ అక్కడితో సరి.

వింగర్‌ను తెచ్చి మధ్యలో నిలబెడితే ఏమవుతుందో చూడడానికి ఫతోర్దా దాకా వెళ్లక్కర్లేదు, ఏ కాలేజీ గ్రౌండులోనైనా కనబడుతుంది. వింగర్ బంతి అందుకునేది గీతను వెనక పెట్టుకుని, ముఖం గోలు వైపు తిప్పి. వెనకనుంచి తోసేవాడు ఉండడు. సెంటర్ ఫార్వర్డ్‌కైతే స్టాపర్ వీపు మీదే కాపురం ఉంటాడు. బంతి వచ్చేలోపు వాడు ఏ భుజం వైపున్నాడో చేత్తో తడిమి తెలుసుకోవాలి. మోకాళ్లు కాస్త వంచి నడుం బరువు వాడి మీద ఆనించాలి. వాడికి దూరంగా ఉన్న కాలితో బంతి ఆపి, రెండో టచ్‌లో హాఫ్‌కు తిరిగివ్వాలి. వింగర్ అలవాటు కొద్దీ మొదటి టచ్‌నే పక్కకు తోస్తాడు, బంతి పోతుంది. అప్పటికే పైకి కదిలిన ఇద్దరు హాఫులూ ఒక ఫుల్‌బ్యాకూ నలభై గజాలు వెనక్కి పరిగెత్తాలి. ఇరవై నిమిషాల్లో నాలుగుసార్లు ఇలా అయ్యాక వాళ్లు పైకి రావడం మానేస్తారు. గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు మాత్రం హాఫులు బద్ధకించినట్టు కనబడుతుంది. బూతులు పడేది వాళ్ల మీద.

పక్కనుంచి గోలు ముందుకు వేసే క్రాస్ దగ్గరా ఇదే తంతు. క్రాస్ వేసి బతికినవాడు, అందుకోవాల్సి వస్తే అవతలి స్తంభం దగ్గరికి చేరి ఎదురుచూస్తాడు. అసలు తొమ్మిదోవాడు ముందు అటు రెండడుగులు వేస్తాడు, స్టాపర్ చూపు బంతి మీదికి మళ్లగానే వాడి ముందు నుంచి ఇవతలి స్తంభానికి దూసుకొస్తాడు. మొత్తం ఐదారు గజాల పరుగు. ఒకే వింగర్ వేసే ఒకే రకం క్రాస్‌కు వారానికి నాలుగు రోజులు, నెలల తరబడి పరిగెడితే వచ్చే లెక్క అది. జాతీయ శిబిరంలో నేర్పేది కాదు.

శిబిరానికి దొరికే టైమెంత? దేశాల జట్లు ఆడేందుకు ఫిఫా కేటాయించే విండో మామూలుగా సోమవారం నుంచి మరుసటి మంగళవారం దాకా, అందులో రెండు మ్యాచ్‌లు. ఆదివారం క్లబ్బు మ్యాచ్ ఆడి వచ్చినవాడికి ఒకరోజు ఒళ్లు సర్దుకోవాలి, ఒకరోజు ప్రయాణం. మొదటి మ్యాచ్‌కు ముందు పూర్తి జట్టుతో మూడు సెషన్లు దొరికితే గొప్ప. ఒకటి డిఫెన్స్ లైనుకు, ఒకటి సెట్ పీసులకు పోతుంది. ఇక గోలు ముందర ఏం చేయాలన్నది ఎవడికి తోచింది వాడు. విండో బయట ఆటగాణ్ని వదలాల్సిన నిర్బంధం క్లబ్బుకు లేదు, వదలరు కూడా. దీనికి తోడు మార్కెజ్ ఆ సీజనంతా ఎఫ్‌సీ గోవాకూ కోచే. రెండు పడవల మీద కాళ్లు పెట్టమన్నది ఫెడరేషన్, మునిగాక అందరూ చూసింది కాళ్ల వంకే.

మహిళల జట్టును పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. క్రిస్పిన్ ఛెత్రీ మన ఒడిశా ఎఫ్‌సీ మహిళల జట్టుకు కోచ్‌గా 2023–24లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిపించి, తర్వాత దేశం జట్టుకు వెళ్లారు. 2025 జూన్, జులైలో థాయ్‌లాండ్‌లో జరిగిన క్వాలిఫయర్లకు ముందు వారాల తరబడి శిబిరం దొరికింది. లీగులో రోజూ చూసిన అమ్మాయిలనే ఏరుకున్నారు. మంగోలియా మీద 13–0, అందులో ఐదు ఒడిశా అమ్మాయి ప్యారీ ఖాఖావి. చివరి మ్యాచ్‌లో ఆతిథ్య థాయ్‌లాండ్‌ను 2–1తో ఓడించి ఆసియా కప్‌కు వెళ్లారు. ప్యారీ క్లబ్బులోనూ గోలు ముందే ఆడుతుంది, దేశానికీ అక్కడే.

2025 ఆగస్టులో పురుషుల జట్టుకు కోచ్‌గా వచ్చిన ఖాలిద్ జమీల్‌కు న్యాయంగా కొంత మార్కు వేయాలి. మధ్య ఆసియా దేశాల కాఫా నేషన్స్ కప్‌కు సునీల్ ఛెత్రీని పిలవకుండానే వెళ్లి, పెనాల్టీల్లో ఒమన్‌ను ఓడించి మూడో స్థానం తెచ్చారు. అక్టోబరుకల్లా ఛెత్రీ మళ్లీ జట్టులో. కోచ్ మాట మార్చారని కోపగించుకోవచ్చు. ఇంట్లో బియ్యం లేనప్పుడు వండేవాడు మారితే అన్నం అవుతుందా అన్నది మాత్రం ఆలోచించాలి. ఆస్ట్రేలియాలో పుట్టిన రయాన్ విలియమ్స్ భారత పాస్‌పోర్టు తీసుకోగానే సమస్య తీరిపోయినట్టు సంబరపడ్డవాళ్లూ ఉన్నారు. మంచి ఆటగాడే. ఒక్కడు.

మధ్యలో ఇంకో రోగం ఉంది, స్థానాలు మార్చడం. బరంపురం ఠాకురాణి యాత్రలో మొక్కు తీర్చుకోవడానికి వేషం కట్టినట్టు, మన కోచ్‌లు స్టాపర్‌కు ఫుల్‌బ్యాక్ వేషం, ఫుల్‌బ్యాక్‌కు హాఫ్ వేషం కడతారు. ఎడమకాలి ఆటగాడు దొరక్క కుడికాలి వాణ్ని ఎడమ పక్క ఆడిస్తే ప్రతి బంతినీ లోపలికి మళ్లించుకోవడానికి ఒక సెకను పోతుంది. ఆ సెకనులో ఎదుటి డిఫెన్సు సర్దుకుంటుంది. గ్యాలరీకి కనబడని నష్టం ఇది.

స్థానాల పట్టింపు ఎంత పాతదో, అది మన ఇంటి విద్యే ఎలా అయిందో తెలియాలంటే హైదరాబాద్ వైపు చూడాలి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అక్కడి సిటీ పోలీస్ జట్టుతో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించినవాడు. డ్రిబ్లింగ్ చేయకూడని టోర్నమెంట్లు పెట్టేవాడు, చేతకాని కాలితోనే ఆడాల్సిన టోర్నమెంట్లు పెట్టేవాడు. ఎవడి ఆట ఏమిటో బయటపడేది అక్కడ. 1962 జకార్తా ఏషియాడ్‌లో స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2–1, పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. ఈ కథను ఇప్పటి కోచ్‌ల వేషాలకు సమర్థనగా చెప్పేవాళ్లున్నారు. జర్నైల్ చదువుకునే రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడినవాడన్నది వాళ్లు మరిచిపోతారు.

ఇక మన గడపలోకి వద్దాం. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ వైపు జరిగే ట్రయల్సు చూస్తే పైన జరిగేదానికి ఇవి చిన్న అచ్చు. పొద్దున ఏడుకు రమ్మంటారు. అరవైమంది వస్తే స్థానం గడిలో నలభైమంది 'ఫార్వర్డ్' అని రాస్తారు. వందమీటర్ల పరుగు, బంతితో కోన్ల మధ్య మెలికలు, ఆఖర్న ఇరవై నిమిషాల మ్యాచ్. ఆ మ్యాచ్‌లో బంతి ముట్టుకోవడమే అదృష్టం, కాబట్టి దొరికినవాడు వదలడు. నలుగురిని తప్పించినవాడి పేరుకు టిక్కు. గోలీ ఎవరంటే పొడుగ్గా ఉన్నవాడు. అదీ జులైలో అయితే బురదలో గట్టిగా తన్నేవాడు హీరో. ఫిబ్రవరిలో ఎండిన నేల మీద అదే కుర్రాడు కనబడడు.

మూడు పొద్దులు చాలు, సరిగ్గా చేయడానికి. మొదటిరోజు ముప్పై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు గడిలో ఐదుగురికి ఐదుగురు, ఎనిమిది నిమిషాల చొప్పున మూడు ఆటలు. ఎవడు తల ఎత్తి చూసి ఇస్తున్నాడో అక్కడే తేలిపోతుంది. ఎడమకాలి వాళ్లను ఆరోజే వేరుగా రాసిపెట్టుకోవాలి, తర్వాత వెతికితే దొరకరు. రెండోరోజు ఎనిమిదిమందికి ఎనిమిదిమంది, ఎవడు రాసుకున్న స్థానంలో వాడు. మూడోరోజు పూర్తి మైదానంలో ముప్పై నిమిషాల సగాలు రెండు, రెండో సగంలో ప్రతివాణ్నీ ఇంకో స్థానంలో నిలబెట్టి. గోలీలకు వేరే పరీక్ష ఉండాలి. ఇరవై క్రాసులు, ఇరవై నేలబారు షాట్లు, పది విసుర్లు.

తొమ్మిదోవాడికి రెండే పరీక్షలు. వీపు మీద స్టాపర్‌ను పెట్టి పది బంతులు ఇవ్వండి. తిరిగి మనవాడికి చేరినవి ఆరు దాటితే ఉంచండి. తర్వాత పది క్రాసులు. గోల్స్ లెక్కపెట్టకండి, స్టాపర్ కన్నా ముందు బంతిని తాకింది ఎన్నిసార్లో లెక్కపెట్టండి. ఎంపికచేసే ఇరవై మందిలో ఇద్దరు గోలీలు, నలుగురు స్టాపర్లు, పక్కకు ఇద్దరు చొప్పున నలుగురు ఫుల్‌బ్యాకులు, ఐదుగురు హాఫులు, ముగ్గురు వింగర్లు, ఇద్దరు తొమ్మిదోవాళ్లు. ఎనిమిదిమంది ఫార్వర్డులతో బస్సు ఎక్కే జట్టు మొదటి గాయంతోనే ఎవడో ఒక వింగర్‌ను ఫుల్‌బ్యాక్‌లో నిలబెడుతుంది.

సరిహద్దు కుటుంబాలకు ఇంకో చిక్కు. ఇచ్ఛాపురంలోనో శ్రీకాకుళంలోనో చదువుకుంటూ అక్కడి క్లబ్బులో ఫెడరేషన్ ఆన్‌లైన్ ఆటగాళ్ల జాబితా సీఆర్ఎస్‌లో నమోదు చేయించుకున్న కుర్రాడు బరంపురం వచ్చి ఆడాలంటే అంతర్రాష్ట్ర బదిలీ కావాలి. ట్రయల్ రోజున ఇది గుర్తొస్తే లాభం లేదు. సెలవులకు ఇంటికి రాకముందే ఆ పని చూసుకోవాలి.

సబ్‌స్టిట్యూషన్ల గురించి రెండు ముక్కలు, గ్యాలరీ గోల ఎక్కువగా వాటి మీదే కాబట్టి. ఐదుగురిని మార్చొచ్చు, కానీ ఆట మధ్యలో ఆపి మార్చే అవకాశాలు మూడే, విరామం లెక్కలోకి రాదు. భువనేశ్వర్ ఉక్కలో వింగర్లు అరవై నిమిషాలకు వాడిపోతారు. తెలివైన కోచ్ ఒకే పక్కన వింగర్‌నూ ఫుల్‌బ్యాక్‌నూ కలిపి ఒకేసారి మారుస్తాడు. ఒక్కణ్ని మారిస్తే అలసిపోయిన రెండోవాడి మీద భారం పడుతుంది. సాధారణంగా జరిగేదేమిటంటే ఒక అవకాశం గాయానికి, ఒకటి పసుపు కార్డు భయానికి ఖర్చయి, మూడోది 88వ నిమిషంలో స్ట్రైకర్‌కు వాడతారు. రెండు నిమిషాలకు వచ్చినవాడు బూట్ల లేసులు బిగించుకునేలోపు విజిల్. ఇక్కడ మాత్రం కోచ్‌ను ఎంత తిట్టినా పాపం లేదు.

కోచ్‌ల సంగతి సరే, మన సంఘాలు దసరాకో సంక్రాంతికో పెట్టే సెవెన్స్ (ఏడుగురేసి ఆడే) టోర్నమెంట్లలో ఏం చేస్తున్నాం? కప్పు కావాలని కటక్ నుంచో విశాఖ నుంచో ఒక సెంటర్ ఫార్వర్డ్‌ను రాత్రికి ఇంతని మాట్లాడుకుని తెస్తాం. మన వీధి కుర్రాణ్ని వింగుకు నెడతాం. మారిసియోను క్లబ్బు కోట్లకు తెచ్చింది, మనం వేలకు తెస్తున్నాం, అంతే తేడా. కాబట్టి ఈ ఏడాది ఎంట్రీ ఫారం మార్చి రాద్దాం. జట్టుకు బయటివాళ్లు ఇద్దరికి మించకూడదు. వాళ్లలో ఒక్కడూ ముందు ఆడకూడదు. తొమ్మిదో నంబరు పక్కన కుర్రాడి పేరు, పుట్టిన తేదీ, చదివే బడి, ఇంటి వీధి రాసే గడి ఉండాలి. ఫారాలు వారం ముందు తీసుకుని ఆ గడి నిజమో కాదో బడికి వెళ్లి చూసి రావాలి. ఖాళీగా ఇచ్చిన జట్టును డ్రాలో వేయొద్దు, ఎంట్రీ ఫీజు అక్కడికక్కడే వాపసు ఇచ్చి పంపెయ్యండి.